సర్ ఆర్థర్ కాటన్ దొరగారు

గోదావరి డెల్టాలో కాటన్ దొర పేరు ఎరుగని రైతు లేడు. పలు గ్రామములయందు ఆయన విగ్రహములు నిలిచియున్నవి. మే నెలలో ఆయన జన్మదినమున వానికి పూలదండలు వేయుదురు. అయినను ఆయన చేసిన పని యెట్టిదో, అది అంతకుముందే యేల జరుగలేదో అడిగినచో, మా విద్యార్థులలో చెప్పగలవారు కొలదిమందియే. నది అంతకుముందును ఉండెను. ధవళేశ్వరపు కొండలో రాయియు ఉండెను. పనిచేయు చేతులకును కొదువ లేకుండెను. లేనివి రెండు: ఇసుకపై గోడ కట్టు విద్య యొకటి, కట్టుమని చెప్పు ప్రభుత్వాజ్ఞ యొకటి. ఈ రెంటిని ఒకచోటికి చేర్చుటలోనే ఆయన జీవితము చాలవరకు గడచినది.

ఆయన 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదియవవాడు. పదునైదవ యేట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక పాఠశాలలో ప్రవేశించి, 1819లో ఇంజనీర్ల దళమునందు ఉద్యోగము పొంది, 1821లో చెన్నపట్టణము చేరెను. మొదటి బర్మా యుద్ధములో పనిచేసెను. యౌవనముననే ఆయనకు దృఢమైన క్రైస్తవ విశ్వాసము కుదిరినది; అది కడవరకు తప్పలేదు.

తంజావూరు ప్రాంతమున కావేరీ పనులకు నియమింపబడుట ఆయనకు నిజమైన విద్యాభ్యాసమయ్యెను. అచ్చట చోళరాజుల కాలమునాటి కల్లణై యను ఆనకట్ట కలదు. రాతి పునాది దొరకని ఇసుక నదిలో ఆ గోడ యెట్లు నిలిచినదని ఆయన శ్రద్ధగా పరిశీలించెను. పెద్ద రాళ్లను ఇసుకపై వేయగా, అవి నీటి కోతకు క్రమముగా దిగి దిగి, ఒకచోట కదలక నిలిచిపోవును. వానిపై మరల రాళ్లు వేయుదురు. ఈ రహస్యమును ఏ సీమ పుస్తకమును ఆయనకు నేర్పలేదు. పేరైనను తెలియని మన దక్షిణదేశపు పనివారే ఆయనకు గురువులు. ఆ సంగతిని ఆయన దాచక ఒప్పుకొనెను. ఇది ఆయనయందు మేము మిక్కిలి మెచ్చుకొను గుణము. 1836లో కొళ్ళిడము నదిపై ఆయన కట్టించిన ఆనకట్టలవలన తంజావూరు పొలములకు నీరు నిలకడగా అందెను.

తరువాత ఆరోగ్యము చెడి, ఆస్ట్రేలియా ఖండమునకు పోయి, 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను ఆమెను వివాహమాడి మరల వచ్చెను. కొంతకాలము విశాఖపట్టణమున సముద్రపు కోతను ఆపు పని చూచెను. అచ్చటినుండి ఆయన దృష్టి గోదావరిపై పడినది.

అప్పటి గోదావరి దేశము నేటి పచ్చని కోనసీమ వంటిదని తలంపరాదు. 1832-33 నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు మొదలుకొని ఈ తీరమునెల్ల పాడుచేసెను. 1839 నవంబరులో కోరంగిపై సముద్రపు ఉప్పెన విరుచుకొని పడినది. వీనితో మరియొక కారణమును చేర్చుకొనవలెను. ఇంగ్లండులో ఆవిరి యంత్రములపై నేసిన చౌక బట్ట వచ్చినందున ఈ జిల్లా సాలెల మగ్గములు మూలబడెను. కంపెనీవారు తమ బట్టల కొనుగోలును మానుకొనిరి. దూరదేశమున నొక యంత్రము తిరుగుటచేత ఇచ్చటి వీధిలో మగ్గము ఆగెను. శిస్తు మాత్రము ఆగలేదు. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గినది. ఇరువది యేండ్లలో నలుగురిలో ఒకరు తగ్గిరన్నమాట. చచ్చినవారెందరో, ఊరు విడిచినవారెందరో! వీరందరి కన్నుల యెదుటనే వర్షకాలమున గోదావరి నిండుగా పారి వ్యర్థముగా సముద్రములో కలియుచుండెను.

జిల్లా దుస్థితిని విచారించుటకై వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గోమరీ 1844లో ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. అదే కాలమున కాటనుగారు నదిని, పొలముల యెత్తుపల్లములను కొలిచి, ధవళేశ్వరము కడ ఆనకట్ట కట్టవలెనని సూచించెను. లండనులోని డైరెక్టర్లు ఒక వర్తక సంఘమువారు. ఎంత ఖర్చు, ఎంత రాబడి యను ప్రశ్నలే వారికి ముఖ్యములు. ఆనకట్టకు సుమారు 4 లక్షల 75 వేల రూపాయలని మొదటి అంచనా. ప్రజలు ఆకలితో చచ్చుచున్నారని చెప్పినంతమాత్రమున పని జరుగదని కాటనుగారెరుగుదురు. కావున నీరిచ్చినచో శిస్తు యెంత పెరుగునో లెక్కలు వేసి చూపెను. దయ లెక్కల పుస్తకపు దారిన పోవలసివచ్చుట మనకు వింతగా తోచవచ్చును. కాని ఆ దారి తప్ప వేరొకటి తెరచియుండలేదు. 1846లో అనుమతి వచ్చినది. 1847లో పని ప్రారంభమైనది.

ధవళేశ్వరమువద్ద నది లంకలచే నాలుగు పాయలుగా చీలియున్నది. అందుచే ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట కట్టబడెను. నాలుగును కలిపి సుమారు 12 వేల అడుగుల గోడ. ఇసుకలో బావులు దింపి, వానిపై కట్టడము లేపి, దిగువను పెద్ద బండరాళ్లను పరపు వలె వేసిరి. కల్లణై పాఠము ఇచ్చట అక్కరకు వచ్చినది. కొండనుండి రాతిని చిన్న ఇనుప పట్టాలపై బండ్లలో తెచ్చుచుండిరి. ఈ గోడ నదిని మూసివేయునది కాదని మా చిన్న విద్యార్థులు తెలిసికొనవలెను. వరద దానిపైనుండి పొర్లిపోవును. వరద తగ్గినప్పుడు మాత్రము నీటిమట్టమును పైకెత్తి కాలువల తలుపులలోనికి మళ్లించును. డెల్టాలో నది గట్టే యెత్తు, గట్టునుండి దూరము పోయినకొలది పల్లము. కాబట్టి ఎత్తున త్రవ్విన కాలువనుండి నీరు ఏతాముతో పనిలేక తనంతట తానే పొలములకు దిగును.

పనికి వేలకొలది కూలీలు కావలసివచ్చిరి. వారిని కూర్చుటయందును సామగ్రిని సమకూర్చుటయందును వీణెం వీరన్నగారను తెలుగు ఉద్యోగి కాటనుగారికి కుడిచేయిగా నుండెను. ఆయన పేరు నేడు తెలిసినవారు తక్కువ. ఇది న్యాయము కాదు. ఎండదెబ్బవలన కాటనుగారు 1848లో సెలవుపై పోవలసిరాగా, కెప్టెన్ ఓర్ పనిని నడిపెను. వరదలు కట్టిన గోడను తెగగొట్టుటయు, మరల కట్టుటయు జరిగినవి. ఖర్చు మొదటి అంచనాను మించిపోయినది. అయినను 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. గన్నవరముకడ 49 తూములతో, నదీపాయ మీదుగా కాలువను దాటించు అక్విడక్టును కట్టిన హేగ్ అను ఇంజనీరు, తరువాత దుమ్ముగూడెములో కోయవారి నడుమ మిషను పని ఆరంభించుటకు కారకుడైన దైవభక్తుడు. బెజవాడలో కృష్ణా ఆనకట్టయు కాటనుగారి ఆలోచనయొక్క ఫలమే. దానిని 1855 నాటికి ఓర్ పూర్తిచేసెను.

ఫలితము కొలదికాలములోనే కానవచ్చెను. కాలువలు పంటకే గాక పడవలకును దారులయ్యెను. రాజమహేంద్రవరమునుండి కాకినాడ రేవువరకు ధాన్యము నీటిమీదనే పోయెను. 1876-78లో ధాత కరువు దక్షిణదేశమున లక్షలమందిని మ్రింగినప్పుడు ఈ డెల్టా ఆకలిగొనకపోవుటయే గాక ఇతరులకు ధాన్యము పంపగలిగెను. పంట మిగిలినచోట పాఠశాలలు, పత్రికలు, సంస్కరణ సభలు పుట్టినవి. అయితే ఒక మాట మరువరాదు. కాలువ క్రింద భూమి గలవాడు సంపన్నుడయ్యెను. ఆ భూమిలో పనిచేయువాడు కూలివాడుగనే మిగిలెను. డెల్టాలోని మన క్రైస్తవ సంఘములు చాలవరకు అట్టి కూలివారి కుటుంబములనుండియే యేర్పడినవి. నీటిని పంచు విద్య ఇంజనీరుకు తెలియును. భూమిని పంచుట ప్రభుత్వము చేయవలసిన పని. దానిని కంపెనీవారు గాని, తరువాతి దొరతనమువారు గాని తలపెట్టలేదు.

కాటనుగారు 1860లో ఉద్యోగము విరమించి, 1861లో సర్ బిరుదము పొందెను. అంతటితో ఆయన పోరాటము ముగియలేదు. అది ఇనుపదారుల యుగము. రైలు కంపెనీలకు నూటికి 5 వంతున వడ్డీని ప్రభుత్వము పూచీపడుచుండెను. ధాన్యము, కట్టెలు, ఉప్పు వంటి బరువు సరకులకు వేగముతో పనిలేదనియు, కాలువ యొకటే పొలమునకు నీరును సరకునకు దారియు నిచ్చుననియు ఆయన వాదించెను. తుంగభద్రనుండి కర్నూలు, కడప సీమలకు కాలువ త్రవ్వుటకు ఒక కంపెనీ ఏర్పడినది. కాని అంచనాలు మిగుల తక్కువగా నుండెను. సుంకేసులనుండి కాలువ త్రవ్విరిగాని డబ్బు చాలలేదు. నల్లరేగడి రైతులు నీటిపన్ను కట్టి నీరు తీసికొనుటకు వెనుదీసిరి. 1882లో ప్రభుత్వమువారే దానిని కొనవలసివచ్చెను. 1878లో పార్లమెంటు సభవారు నియమించిన సంఘము కాటనుగారిని విచారించి, ఆయన మహా పథకములకు సమ్మతింపలేదు. తీరమున ఫలించిన పద్ధతి మెట్టసీమకు అట్లే పనికిరాదని ఆయన గ్రహింపవలసినంతగా గ్రహింపలేదని మా యభిప్రాయము. కాని ఒక కాలువ నష్టపోయినదను కారణమున రాయలసీమను తరములపాటు ఎండకు విడుచుట అంతకంటె పెద్ద తప్పు. అది ఆయనది కాదు.

వార్ధక్యమున ఆయన ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున నివసించుచు, నేలను లోతుగా త్రవ్వినచో గోధుమ యెంత పండునో తన తోటలో పరీక్షించుచుండెను. 1899 జూలై నెలలో, తొంబదియారవ యేట, పరమపదించెను. ఆయన కుమార్తె లేడీ హోప్ 1900లో తండ్రి జీవితచరిత్రమును ప్రకటించెను.

పాత ఆనకట్ట నూరేండ్లకు పైగా పనిచేసినది. దాని స్థానమున 1970లో ఆరంభించి 1982లో ముగించిన కొత్త బ్యారేజికి ఆయన పేరే పెట్టిరి. దానికి 175 తలుపులు కలవు. ధవళేశ్వరములో ఆయన పేరిటి మ్యూజియమున్నది. లోపల చిత్రములు, నమూనాలు చూచినవారు ఆవరణలో నిలిపిన ఆ కాలపు యంత్రములను చూడకుండ రారాదు. వానిలో కొన్నింటికి తుప్పు పట్టినది గాని, పళ్లచక్రములు ఒకదానినొకటి యెట్లు త్రిప్పెనో నేటికిని స్పష్టముగా తెలియును.