విద్యార్థిబంధువు న్యూమను

పరీక్షలో దెబ్బతిన్నవారి చరిత్రము పాఠశాలలలో ఎవరును చెప్పరు. ప్రథమశ్రేణిలో కృతార్థులైనవారి పేళ్లను మాత్రము బల్లలమీద బంగారు అక్షరములతో వ్రాయించి గోడలకు వ్రేలాడదీయుదుము. ఈ సంచికలో నేను అట్టి బల్లకెక్కని ఒక విద్యార్థి చరిత్రమును వ్రాయదలచితిని. ఆయన పిదప ఒక రాజధానీ నగరమున క్రొత్త విశ్వవిద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడయ్యెను. ఆయనయే జాన్ హెన్రీ న్యూమను.

న్యూమను 1801 వ సంవత్సరము ఫిబ్రవరి 21 వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆరుగురు సంతానములో ఆయన జ్యేష్ఠుడు. తండ్రి బ్యాంకు వ్యాపారి. తల్లి పూర్వులు ఫ్రాన్సు దేశమునుండి వలసవచ్చిన ప్రొటెస్టెంటులు. ఏడవ యేట బాలుని ఈలింగు గ్రామమందలి వసతి పాఠశాలలో చేర్చిరి. నెపోలియను యుద్ధములు ముగిసిన పిమ్మట వర్తకములు తలక్రిందులు కాగా, 1816 లో తండ్రి బ్యాంకు మూతపడెను. ఆ వేసవిలో బాలుడు జబ్బుపడి, తక్కిన పిల్లలందఱు ఇండ్లకు పోయినను తాను పాఠశాలలోనే నిలిచిపోవలసివచ్చెను. ఆ యేడు వాల్టరు మేయర్సు అను ఉపాధ్యాయుని సాంగత్యమువలనను, ఆయన చదువుమని యిచ్చిన గ్రంథములవలనను, అతని హృదయమున దేవునియందలి విశ్వాసము వేరూనెను. ఇంటి కలిమి పోయిన యేడే ఈ కలిమి చేకూరెనని ఆయన జీవితాంతము తలచుచుండెను.

1817 జూను మాసమున, పదునాఱేండ్ల ప్రాయమున, ఆక్సుఫర్డునందలి ట్రినిటీ కళాశాలలో నివాసమునకు వచ్చెను. అప్పటికే సెలవులు సమీపించి విద్యార్థులు వెడలిపోవుచుండిరి. స్నేహితుడు లేడు, ఏమి చదువవలెనో చెప్పువాడు లేడు. కొంతకాలమునకు తోటివారు ద్రాక్షారసపు విందునకు పిలిచి, ఫిడేలు కూడ తెమ్మనిరి. ఆ పిల్లవానిని త్రాగించి నవ్వుకొనవలెననియే వారి యుద్దేశము. న్యూమను ఆ సంగతి గ్రహించి లేచిపోయెను. వసతిగృహములలో నుండి చదువుకొన్న మనవారిలో ఇట్టి సాయంకాలములు ఎఱుగనివారు అరుదు.

1818 లో అతనికి యేటికి 60 పౌనుల చొప్పున తొమ్మిదేండ్లు చెల్లెడు విద్యార్థివేతనము లభించెను. అందఱును అతనిపై ఆశలు పెట్టుకొనిరి. ఆ ఆశలే బరువయ్యెను. 1820 లో పట్టపరీక్షకు ముందు మాసములలో దినమునకు సుమారు పండ్రెండు గంటలు చదివెను. తీరా, అనుకొన్న దినమునకు ఒక్క దినము ముందుగనే పరీక్షకులు పిలువగా మనస్సు చెదరి, వచ్చినదికూడ చెప్పలేకపోయెను. గణితమున గౌరవ పట్టికలో పేరే లేదు. ప్రాచీన భాషలలో రెండవ తరగతి యడుగున పేరు పడినది. ఇంట తండ్రి వ్యాపారము పోయి, కుటుంబమంతయు పెద్దకుమారునివంకనే చూచుచున్న కాలమది. ఆ ఉత్తరము ఇంటికి వ్రాయుట యెట్లుండునో చదువరులే ఊహింపవచ్చును.

ఆయన ఆక్సుఫర్డును విడువక, రెండేండ్లకు పిమ్మట ఓరియలు కళాశాల ఫెలో పదవికై మఱల పరీక్షకు కూర్చుండెను. ఆ దినములలో ఆక్సుఫర్డున అంతకంటె కష్టమైన పోటీ లేదు. నడుమ ధైర్యము జాఱి విరమింపబోవుచుండగా, ట్రినిటీలోని ఆయన పాత ట్యూటరు టామసు షార్టు పిలిపించెను. షార్టు అప్పుడు భోజనమునకు కూర్చుండియుండెను. శిష్యుని ప్రక్కన కూర్చుండబెట్టి, తన పళ్లెరములోని గొఱ్ఱెపిల్ల మాంసమును పంచి పెట్టి, నెమ్మదిగా మాటలాడి పంపెను. 1822 ఏప్రిలు 12 వ తేదీన న్యూమను ఫెలోగా ఎన్నుకొనబడెను. ఈ భోజనపు ముచ్చటను నేను ఉపాధ్యాయుడనగుటచే కొంచెము సాగదీసి చెప్పుచున్నాను. ఆ పూట షార్టు క్రొత్త పాఠమేదియు చెప్పలేదు.

1826 లో న్యూమను ఓరియలులో ట్యూటరయ్యెను. ట్యూటరు గ్రంథములు వల్లెవేయించు కూలివాడు కాడనియు, శిష్యుల నడవడికిని ఆత్మక్షేమమునకును బాధ్యుడనియు ఆయన నిశ్చయము. కళాశాలాధిపతి హాకిన్సు అందుకు సమ్మతింపక 1830 లో ఆయనకు క్రొత్త శిష్యులను ఇచ్చుట మానివేసెను. ఈ తగవు చిన్నదిగా కనబడును గాని, ఇరువది నాలుగేండ్లకు పిమ్మట డబ్లినులో ఆయన చేసిన యత్నమంతయు ఇందుండియే పుట్టినది.

1833 లో ఇటలీనుండి మరలివచ్చుచు, సముద్రముపై గాలిలేక ఓడ నిలిచిపోయిన సమయమున, వెలుగును దారిచూపుమని వేడుకొను ఆ ప్రసిద్ధమైన ఇంగ్లీషు కీర్తనను వ్రాసెను. గాంధీమహాత్మునకు మిక్కిలి ప్రియమైనదియు, నరసింహరావు దివేటియా గుజరాతీలోనికి తెచ్చినదియు ఈ కీర్తనయే. ఆ పిదప ఇంగ్లండు సంఘమును ఆదిసంఘపు మార్గమునకు మరల్పవలెనని సాగిన ఆక్సుఫర్డు ఉద్యమమున ఆయన ముఖ్యుడయ్యెను. వాదములు పెరిగినవి, మిత్రులు దూరమైరి. 1845 అక్టోబరు 9 వ తేదీన ఆయన రోమను కథోలిక సంఘమున చేరెను. ప్రొటెస్టెంటు సంఘమున పుట్టి పెరిగిన నేను ఆ నిర్ణయమును గూర్చి ఇచట వాదింపను. ఉద్యోగము, ఇల్లు, ఇరువది యెనిమిదేండ్లుగా తన ప్రాణమైన ఆక్సుఫర్డు, ఇవి యన్నియు పోవునని తెలిసియు ఆయన మనస్సాక్షినే అనుసరించెను. అంతమాత్రము ఏ సంఘమువారైనను ఒప్పుకొనవలయును. 1847 లో రోములో గురువుగా అభిషేకము పొంది, మఱుసటి యేడు బర్మింగుహాము ప్రాంతమున ఒరేటరీ అను గురుసమాజమును స్థాపించెను.

ఇక ఐర్లాండు సంగతి. ఆ దేశప్రజలలో అత్యధికులు కథోలికులు. డబ్లినులోని ట్రినిటీ కళాశాలయో ప్రొటెస్టెంటులది. 1793 మొదలు కథోలికులు అందు పట్టము పొందవచ్చును గాని, ఫెలో పదవులును గౌరవవేతనములును వారికి 1873 వఱకు అందలేదు. 1845 లో ప్రభుత్వమువారు మతబోధలేని రాణీ కళాశాలలను మూడింటిని ఏర్పఱుపగా, బిషప్పులు 1850 లో థర్లెసు సభయందు వానిని నిరాకరించి, తమ స్వంత విశ్వవిద్యాలయమును పెట్టుకొన నిశ్చయించిరి. అది యెట్టి కాలమో తలచుడు. 1845 మొదలు బంగాళాదుంపల పంట తెగులుచే నశించి, సుమారు పదిలక్షలమంది చనిపోయిరి; అంతకు తగ్గనివారు ఓడలెక్కి దేశము విడిచిరి. అట్టి దేశమున చర్చిలలో చందాలు పట్టి, అమెరికాకు పోయిన ఐరిషువారినుండియు సేకరించి, బీదల కాసులతో విశ్వవిద్యాలయమును లేపిరి.

ఆర్చిబిషప్పు పాలు కల్లెను 1851 లో న్యూమనును రెక్టరుగా ఆహ్వానించెను. 1852 వేసవిలో న్యూమను డబ్లినునందు విశ్వవిద్యాలయ స్వభావమును గూర్చి ఉపన్యసించెను. జ్ఞానము జీతము తెచ్చిపెట్టుటవలన మాత్రమే విలువగలది కాదనియు, మనస్సును విశాలమొనర్చుటయే దాని స్వంత ఫలమనియు, దేవుని గూర్చిన శాస్త్రమును తీసివేసినచో తక్కిన శాస్త్రముల కూర్పు చెడుననియు ఆయన వాదము. మఱియొక మాటకూడ చెప్పెను. ఎవరికిని ఎవరితో పరిచయము లేక పరీక్షలుమాత్రము పెట్టి పట్టములిచ్చు సంస్థ యొకటియు, బోధకులుగాని పరీక్షలుగాని లేక పడుచువారిని మూడు నాలుగేండ్లు ఒకచోట కూర్చియుంచు సంస్థ యొకటియు ఉన్నచో, రెండవదియే మేలని ఆయన యభిప్రాయము. ఇది అతిశయోక్తియని నాకు తోచును. పరీక్షలు లేనిదే మన పిల్లలు పుస్తకము తెఱచుట కష్టము. అయినను వసతిగృహపు అరుగుమీద విద్యార్థి నేర్చునది తక్కువ కాదని ఆయన స్వానుభవముచే ఎఱుగును.

1854 నవంబరు 3 వ తేదీన సెయింటు స్టీఫెన్సు గ్రీను అను ఉద్యానము ప్రక్కన, 86 వ నంబరు భవనమున, కథోలిక విశ్వవిద్యాలయము తెఱవబడెను. మొదటి దినమున పట్టికకెక్కినవారు పదునేడుగురు. ప్రథమ నామము దేశభక్తుడైన డేనియలు ఓకానెలు మనుమనిది. అతని పేరును అదియే. విద్యార్థులు చిన్న చిన్న యిండ్లలో ఒక్కొక్క పెద్ద పాలనక్రింద నివసించిరి. హార్కోర్టు వీథిలోని 6 వ నంబరు ఇంట న్యూమనే గృహపతి. ఏబదియేండ్లు దాటిన రెక్టరు ఆ పడుచువారితో కలిసి భుజించుచు, వారి కొఱకు బిలియర్డ్సు బల్లకూడ తెప్పించెను. కొందఱు కలవారి పిల్లలు గుఱ్ఱములపై వేటకు పోయెడివారు. పదునేడేండ్లు నిండినవాడు బాలుడును కాడు, పూర్తి పురుషుడును కాడు. వానిని గురువిద్యార్థివలె కట్టివేసినచో వెలుపలి లోకమున అడుగిడినంతనే చెడిపోవును, మెల్లమెల్లగా పగ్గము వదలవలయును. ఇది ఆయన నీతి. ఆర్చిబిషప్పున కది నచ్చలేదు. పొగత్రాగుచున్నారనియు, వేళగాని వేళ తిరుగుచున్నారనియు ఆయన రోముకు ఫిర్యాదు వ్రాసెను. బీదల చందాలకు లెక్కచెప్పవలసినవాడు గనుక ఆ భయమునందును న్యాయము లేకపోలేదు.

విశ్వవిద్యాలయమువారి వారపత్రికలో న్యూమను ప్రవేశపరీక్షను గూర్చి వ్రాసిన ముచ్చట యొకటి ప్రతి ఉపాధ్యాయుడును చదువదగినది. బ్రౌను అను కల్పిత విద్యార్థి తాను గ్రీకులో క్సెనొఫను వ్రాసిన అనబాసిసు చదివితినని చెప్పుకొనును. పరీక్షకుడు ఆ గ్రంథనామమున కర్థమేమని అడుగగా తడబడును. ఆ పదము ఎందునుండి పుట్టినదో చెప్పలేడు. పాపము, పిల్లవాడు సోమరి కాడు. చాల పుటలు త్రిప్పినాడు, కాని యే పుటయు అతనికి పట్టువడలేదు. మన తరగతులలో ఈ బ్రౌనులు ఎందఱు!

పట్టముల మాటయే పెద్ద చిక్కయ్యెను. ప్రభుత్వము సనదు ఇయ్యలేదు గనుక, ఇచట చదివినవానికి లోకమొప్పుకొను పట్టము లేదు. ఈ చదువువలన ఏ యుద్యోగము వచ్చునని తల్లిదండ్రులు అడిగిరి. ఆ ప్రశ్నకు ఉపన్యాసములు సమాధానము కానేరవు. 1855 లో సెసీలియా వీథిలో తెఱచిన వైద్యశాఖ మాత్రము వర్ధిల్లెను. ఏలయన, అందు చదివినవారికి శస్త్రవైద్య సంఘములు యోగ్యతాపత్రములు ఇచ్చెడివి. అంగళ్లలోను కచేరీలలోను పనిచేయు యువకుల కొఱకు సాయంకాలపు తరగతులుకూడ పెట్టబడెను. యూజీను ఓకరీ అను పండితుడు ప్రాచీన ఐరిషు తాళపత్రములవంటి చర్మపత్ర గ్రంథములను గూర్చి ఉపన్యసించుచుండగా, రెక్టరే శ్రోతలలో కూర్చుండి వినెను. ఆ దేశమునకు తన భాషయందలి సంపద ఎంతటిదో తెలియజేసిన ఉపన్యాసములవి. 1855 లో విద్యార్థుల సాహిత్య చరిత్ర సమాజమును నెలకొల్పెను. 1856 మే 1 వ తేదీన విశ్వవిద్యాలయపు దేవాలయము ప్రతిష్ఠింపబడెను.

అయినను చిక్కులు తీరలేదు. న్యూమను వ్రాసిన ఉత్తరములకు ఆర్చిబిషప్పునుండి ప్రత్యుత్తరములు వచ్చెడివి కావు. లెక్కలు చూచుటకు గృహస్థుల సంఘముండవలెనని ఆయన కోరగా అది సాగలేదు. ఆయనను బిషప్పును చేయుదురని వార్త పొక్కి, మిత్రులు కానుకలు పంపిన పిమ్మట, ఎవరును కారణము చెప్పకయే ఆ మాట అణగిపోయెను. బర్మింగుహామునందలి సోదరులు ఒకవంకను, డబ్లిను ఒకవంకను లాగుచుండగా, ఆ యేండ్లలో ఆయన ఐరిషు సముద్రమును 56 మారులు దాటెను. 1858 నవంబరులో రాజీనామా ఇచ్చెను.

విశ్వవిద్యాలయము చావలేదు, పెరగలేదు. 1883 లో జెసూటు గురువులు దాని నడుపుటకు పూనుకొనిరి. కవియైన గురువు జెరార్డు మేన్లీ హాప్కిన్సు 1884 మొదలు మరణపర్యంతము అచట గ్రీకు బోధించెను. అతనిని 1866 లో కథోలిక సంఘమున చేర్చుకొన్నది న్యూమనే. జేమ్సు జాయిసు 1902 లో అచటనే పట్టము పొందెను. 1908 నాటి చట్టముచే అది జాతీయ విశ్వవిద్యాలయమున భాగమై, నేటి డబ్లిను యూనివర్సిటీ కళాశాలగా విస్తరించినది. నాటి విద్యార్థుల సాహిత్య చరిత్ర సమాజము అందు నేటికిని సభలు జరుపుచున్నది.

న్యూమను బర్మింగుహామునకు మరలి, 1859 లో బాలుర కొఱకు ఒక పాఠశాల తెఱచెను. పరీక్షలు తానే చేయుచు, పిల్లలచేత లాటిను నాటకములు ఆడించుచుండెను. 1864 లో చార్లెసు కింగ్సులీ తన సత్యసంధతను శంకింపగా, ప్రత్యుత్తరముగా స్వీయచరిత్రమును వ్రాసెను. దానిని చదివి పూర్వ మిత్రులనేకులు ఆయనకు మరల చేరువైరి.

1877 డిసెంబరులో ట్రినిటీ కళాశాలవారు ఆయనను గౌరవ ఫెలోగా ఎన్నుకొనిరి. ఆ కళాశాలకు ఆయనయే మొదటి గౌరవ ఫెలో. 1878 ఫిబ్రవరిలో, ముప్పదిరెండేండ్ల యెడబాటు పిమ్మట, ఆయన ఆక్సుఫర్డులో అడుగుపెట్టెను. టామసు షార్టు అప్పటికి బ్రతికియే యుండెను. వయస్సు ఎనుబది యెనిమిదికి చేరువ. కన్నులు దాదాపు కనబడవు. డెబ్బదియేడేండ్ల శిష్యుడు ఆ పాత ట్యూటరు గదికి పోయి, ఆయన ప్రక్కన కూర్చుండెను. మఱుసటి యేడు న్యూమనును పదమూడవ లియో పోపు కార్డినలును చేసెను. 1890 ఆగస్టు 11 వ తేదీన ఆయన బర్మింగుహామున మరణించెను. కథోలిక సంఘమువారు 2019 లో ఆయనను పరిశుద్ధుల పట్టికలో చేర్చి, 2025 నవంబరు 1 వ తేదీన సంఘపండితుడను బిరుదమిచ్చిరి. 1820 నాటి పరీక్షపట్టికలో ఆయన పేరు పడినచోటనే యున్నది.