దేవుణ్ని నమ్మనన్నందుకు కాకినాడలో ఉద్యోగం ఊడింది.. ఎవరీ గోరా?

ఉప్పాడ: కొత్త ఎమ్మెల్యేలు ప్రమాణం చేసే వీడియోలు చూసే ఉంటారు. కొందరు దైవసాక్షిగా అంటారు. ఇంకొందరు దేవుడి ఊసే లేకుండా కానిచ్చేస్తారు. రాజ్యాంగం మూడో షెడ్యూల్ ప్రకారం రెండూ చెల్లుతాయి. నమ్మకం లేకపోయినా సీటు పోదు. కానీ ఉప్పాడ నుంచి బీచ్ రోడ్డెక్కితే వచ్చే కాకినాడలో, ఒకప్పుడు అదే కారణంతో ఓ లెక్చరర్ ఉద్యోగం పోయింది. ఆయనే గోరా.

అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబర్ 15న గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబం. వృక్షశాస్త్రంలో ఎంఏ. తాను చదువుకున్న కాకినాడ పీఆర్ కాలేజీలోనే పాఠాలు చెప్పారు. జంధ్యం తీసేశారు, ఇంటికి దూరమయ్యారు. అయినా తగ్గలేదు. నాస్తిక భావాలు బయటపెట్టినందుకు 1933లో కాలేజీ ఆయన్ను పంపించేసింది. పాఠం బాగా చెప్తారా లేదా అన్నది అక్కడ లెక్కలోకే రాలేదు. తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీ. 1940లో ఉద్యోగాలకే స్వస్తి చెప్పి, కృష్ణా జిల్లా ముదునూరులో భార్య సరస్వతితో కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడకు మార్చారు.

గాంధీతో ఆయన స్నేహం ఇంకా ఆసక్తికరం. కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి పెళ్లి చేయాలనుకున్నారు. నాస్తికుల పెళ్లి కాబట్టి దేవుడి పేరు బదులు సత్యం పేరు వాడదామని గాంధీ ఒప్పుకున్నారు. అంతటి రామభక్తుడు! ఆయన హత్య తర్వాత, 1948లో సేవాగ్రాంలో ఆ పెళ్లి జరిగింది.

మరుసటి ఏడాది ఇదే పేచీ రాజ్యాంగ సభలోనూ వచ్చింది. పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి.కామత్ 1949 అక్టోబర్ 17న సవరణ తెచ్చారు. ఓటింగ్‌లో 41 మంది సరేనన్నారు, 68 మంది వద్దన్నారు. వద్దన్న వాళ్లలో భక్తులూ ఉన్నారు. నమ్మకాన్ని రాజ్యాంగం ద్వారా అందరి మీదా రుద్దకూడదన్నది వాళ్ల వాదన. గోరా ఆ సభలో సభ్యుడు కారు. కానీ ఆ 68 మంది కాపాడింది ఆయనలాంటి వాళ్ల హక్కునే. చట్టం అందరికీ ఒక్కటే అయినప్పుడు, దాన్ని చేసే సభకు మతం ఉంటే ఎలా?

గోరా ఇంకో అడుగు ముందుకేశారు. చట్టసభల్లో మతమే కాదు, పార్టీలూ వద్దన్నారు. 1952, 1967 ఎన్నికల్లో నిలబడ్డారు, ఓడారు. పార్టీరహిత ప్రజాస్వామ్యం కోసం 1961-62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీకి నడిచారు. ఈ ఆలోచన జనానికి పెద్దగా ఎక్కలేదనే చెప్పాలి.

1975 జులై 26న విజయవాడలో కన్నుమూశారు. 2002లో ఆయన పేరిట తపాలా బిళ్ల వచ్చింది. కూతురు చెన్నుపాటి విద్య 1980, 1989ల్లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. కాంగ్రెస్ టికెట్ మీద!