ఫిరంగి గుండ్ల మధ్య కూర్చుని యుద్ధనౌకలు గీశాడు.. ఆఖరికి శత్రురాజు కొలువులో చేరాడు

సిరిసిల్ల నేతన్నలకు ఈ సంగతి కొత్తేం కాదు. జకార్డ్ మగ్గం మీద డిజైన్ ఎక్కాలంటే ముందు గ్రాఫ్ కాగితం మీద గీసుకోవాలి. ఇప్పుడైతే కంప్యూటర్‌లో గీస్తున్నారు. ఎక్కడైనా గీత తప్పితే బట్ట మీద పువ్వు కూడా తప్పుతుంది. అట్లా కాగితం మీది గీతలు మగ్గమెక్కిన కథే ఇది. కాకపోతే ఇందులో పువ్వులు, నెమళ్లు లేవు. నడి సముద్రంలో తగలబడుతున్న యుద్ధనౌక ఉంది. దాన్ని గీసినాయన విల్లెం వాన్ డి వెల్డే. అదే పేరున్న కొడుకు కూడా పెద్ద చిత్రకారుడే కాబట్టి, తండ్రిని పెద్ద విల్లెం అంటారు.

పుట్టింది 1611లో, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో. మన దగ్గర చార్మినార్ కట్టి అప్పటికి ఇరవై ఏళ్లు. లైడెన్ కూడా ఉన్ని బట్టల నేతకు పేరున్న ఊరే. కానీ వీళ్లది నేత కుటుంబం కాదు. తండ్రి ఓడ నడిపేవాడు. దాంతో పెద్ద విల్లెంకు చిన్నప్పటి నుంచే తెరచాపలు, తాళ్లు, కొయ్యలు అన్నీ కంఠతా వచ్చేశాయి. తర్వాత మకాం ఆమ్‌స్టర్‌డామ్‌కు మారింది. మన మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు డచ్ కంపెనీ ఓడల్లో యూరప్ చేరుతున్న కాలం అది.

అప్పట్లో సముద్రం మీద పెత్తనం కోసం డచ్ వాళ్లకు, ఇంగ్లిష్ వాళ్లకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇరవై ఏళ్లలో మూడు యుద్ధాలు. కెమెరాలు లేవు, డ్రోన్లు లేవు. మరి యుద్ధం ఎట్లా జరిగిందో ఒడ్డున ఉన్నోళ్లకు తెలిసేదెట్లా? ఇక్కడే పెద్ద విల్లెం రంగంలోకి దిగాడు. గాలియట్ అనే చిన్న తెరచాప పడవ ఎక్కి, యుద్ధనౌకల మధ్యకు వెళ్లి, కూర్చుని బొమ్మలు గీసేవాడు.

1653లో డచ్ అడ్మిరల్ ట్రంప్ ప్రాణాలు కోల్పోయిన షెవెనింగెన్ యుద్ధంలో ఉన్నాడు. 1666 జూన్ 11 నుంచి 14 దాకా నాలుగు రోజులు ఏకధాటిగా సాగిన యుద్ధంలోనూ ఉన్నాడు. అప్పటికి వయసు యాభై దాటింది. ఆయన ఎక్కడికి వెళ్లమంటే అక్కడికి తీసుకెళ్లాలని అడ్మిరల్ డి రైటర్ పడవ నడిపేవాడికి ఆర్డరే ఇచ్చాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే వార్ రిపోర్టర్ అన్నమాట. ఆయన యుద్ధ చిత్రాల్లో కొన్నింటిని జాగ్రత్తగా చూస్తే, ఓ మూల చిన్న పడవలో కూర్చుని బొమ్మ గీసుకుంటున్న మనిషి కనిపిస్తాడు. అది ఆయనే.

అసలు ఊగే పడవలో కూర్చుని అంత వివరంగా ఎట్లా గీసేవాడు? అక్కడ గీసేది అంతా కాదు. పెన్సిల్ లాంటి గ్రాఫైట్ ముక్కతో గబగబా ఆకారం, ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఎటు వీస్తోంది, ఇంతే. పక్కనే ఓడల పేర్లు, గుర్తులు రాసుకునేవాడు. కాగితం చాలకపోతే ఇంకోటి అతికించేవాడు. అట్లా కొన్ని చిత్రాలు బారెడు పొడవు దాటిపోయాయి. ఓడ రేవులో నిలబడి ఉన్నప్పుడు మాత్రం తీరిగ్గా గీసేవాడు. ముఖ్యంగా వెనుక భాగం. ఆ కాలం యుద్ధనౌకకు వెనుక చెక్కిన శిల్పాలే గుర్తింపు. సింహమో, ఊరి చిహ్నమో చూసి అది ఏ ఓడో చెప్పేయొచ్చు. మన లారీల వెనుక రాతల్లాగే అనుకోండి.

షేడింగ్ దగ్గరే ఆయన పనితనమంతా ఉంది. కాగితం మీదైతే నల్ల సిరాలో నీళ్లు కలిపి, బూడిద రంగు చేసి, కుంచెతో పలచగా పూసేవాడు. వెలుగు పడే చోట కాగితాన్ని అట్లాగే తెల్లగా వదిలేవాడు. నీడ పడే చోట పూత మీద పూత. దాంతో ఓడ పొట్ట గుండ్రంగా ఉబ్బి కనిపిస్తుంది. పెద్ద చిత్రాల పద్ధతి వేరు. చెక్క మీదో, కాన్వాస్ మీదో తెల్లటి సీసం రంగు నున్నగా పూసి, దాని మీద పెన్నుతో సిరా గీతలు. రంగులే ఉండవు. దగ్గర దగ్గర గీతలైతే చీకటి, ఎడం గీతలైతే వెలుతురు. అలలు, పొగ, మబ్బులు, వందల తాళ్లు అన్నీ ఆ సన్నటి గీతలతోనే. ఒక్కో చిత్రం వెనుక ఎంత ఓపిక ఉండి ఉంటుందో, పడుగు దారాలు ఒక్కొక్కటిగా అతికే చేతులకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చేసిన మనిషి జీవితం 1672లో తలకిందులైంది. ఆ ఏడాది ఫ్రాన్స్, ఇంగ్లండ్ కలిసి నెదర్లాండ్స్ మీద పడ్డాయి. ఊళ్లు పోయాయి, వ్యాపారం కుదేలైంది. బొమ్మలు కొనేవాడే లేడు. ఇంట్లో భార్యతో ఎప్పటి నుంచో పొసగడం లేదు. చిత్రకారుడైన చిన్న కొడుకు ఏడ్రియాన్ కూడా అదే ఏడాది చనిపోయాడు. అదే సమయంలో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ డచ్ వాళ్లను తన దేశానికి రమ్మని పిలుపునిచ్చాడు. పెద్ద విల్లెం, చిన్న విల్లెం ఇద్దరూ వెళ్లిపోయారు. యుద్ధం ఇంకా నడుస్తుండగానే!

ఆ యుద్ధం మన తీరాన్నీ వదల్లేదు. 1673లో మచిలీపట్నం దగ్గరి సముద్రంలో డచ్, ఇంగ్లిష్ కంపెనీల ఓడలు తలపడ్డాయి. గెలిచింది డచ్ వాళ్లే.

చార్లెస్ తండ్రీకొడుకులిద్దరికీ ఏడాదికి చెరో 100 పౌండ్లు జీతం కట్టాడు. పని కూడా పంచాడు. యుద్ధాల గీతలు తండ్రివి, వాటికి రంగులు వేసే పని కొడుకుది. గ్రీనిచ్‌లోని క్వీన్స్ హౌస్‌లో గది ఇచ్చాడు.

ఇక మగ్గం సంగతి. 1672 జూన్‌లో జరిగిన సోల్‌బే యుద్ధంలో 100 ఫిరంగుల ఇంగ్లిష్ నౌక రాయల్ జేమ్స్‌ను డచ్ వాళ్లు తగలబెట్టేశారు. మండే సరుకు నింపి, నిప్పంటించి శత్రువు మీదకు తోసే ఓడలుంటాయి, వాటితో. అందులోని అడ్మిరల్ శాండ్‌విచ్ సముద్రంలో పడి చనిపోయాడు. అప్పుడు పెద్ద విల్లెం డచ్ వైపు పడవలో కూర్చుని అంతా గీసుకున్నాడు. మరుసటి ఏడాదికల్లా ఆయన ఇంగ్లిష్ రాజు మనిషి. అదే యుద్ధానికి ఇంగ్లండ్ రాజు కోసం గోడ తెరల డిజైన్లు గీశాడు. నేతగాళ్లు ఆ బొమ్మను చూస్తూ ఉన్ని, పట్టు దారాల పేకతో పడుగు కనిపించకుండా మంటల్ని నేశారు.

మరి ఇది ద్రోహమా? అనేవాళ్లు అనొచ్చు. పని లేక భివండీకో, సూరత్‌కో మగ్గం వెతుక్కుంటూ పోయినోళ్లు, కోరుట్ల, జగిత్యాల నుంచి గల్ఫ్ విమానం ఎక్కినోళ్లు అంత తొందరగా ఆ మాట అనలేరు. ఆమ్‌స్టర్‌డామ్ కూడా అననట్టే ఉంది. ఇంగ్లిష్ వాళ్లతో పోరాడిన డచ్ నౌక ‘గోల్డెన్ లయన్’ బొమ్మను 1686లో ఆ ఊరి రేవు అధికారులు గీయించుకున్నది చిన్న విల్లెంతోనే.

పెద్ద విల్లెం 1693 డిసెంబర్‌లో లండన్‌లో కన్నుమూశాడు. పికడిలీలోని సెయింట్ జేమ్స్ చర్చిలో సమాధి చేశారు. కొడుకు 1707లో పోయాడు. తండ్రీకొడుకుల డ్రాయింగ్‌లు ఇప్పుడు గ్రీనిచ్ మ్యూజియంలోనే వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ నౌకల్లో చాలావరకు మునిగిపోయినవో, కాలిపోయినవో. వాటి కొయ్యలు, చెక్కడాలు ఎట్లా ఉండేవో చెప్పాలంటే చరిత్రకారులైనా, నమూనా ఓడలు చేసేవాళ్లైనా ఈ బొమ్మల్నే తెరుస్తారు. రాయల్ జేమ్స్ తగలబడుతున్న తెరల్లో ఒకదాన్ని 2023లో గ్రీనిచ్‌లో ప్రదర్శనకు పెట్టారు. ఆయన కూర్చుని గీసిన ఆ క్వీన్స్ హౌస్‌లోనే.