ఊళ్ల కథలు సేకరించిన సర్వేయరు: కాలిన్ మెకంజీ

ఊరి పేరు వెనుక ఒక కథ ఉంటుంది. అలంపురం ఆలయాలకు రాళ్లు తరలించే బండ్లు తుంగభద్ర రేవులో ఆగి, ఇరుసులకు కందెన వేసుకొన్న చోటు కందనవోలు అయిందనీ, అదే నేటి కర్నూలనీ పెద్దలు చెబుతారు. తిరుమల యాత్రికులకు గడప వంటిది కనుక కడపకు ఆ పేరు వచ్చిందని మరొక ప్రతీతి. ఇవి ఎంతవరకు చారిత్రక సత్యాలన్నది వేరే విషయం. నది రేవు, యాత్రామార్గం పట్టణాలకు ప్రాణం పోస్తాయన్న ఎరుక మాత్రం ఈ కథల్లో ఉంది. పట్టణాలను అధ్యయనం చేసే భూగోళ విద్యార్థి మొదట వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: ఈ ఊరు ఇక్కడే ఎందుకు వెలసింది? రెండు శతాబ్దాల క్రితం ఆ ప్రశ్నను ఊరూరా అడిగించినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ.

మెకంజీ స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలో, స్టోర్నోవే పట్టణంలో జన్మించాడు. కొంతకాలం సుంకాల శాఖలో పనిచేశాడు. గణితశాస్త్రంపై ఆయనకు మక్కువ ఎక్కువ. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరడానికి మద్రాసు వచ్చి, తరువాత ఇంజనీరుగా పేరు పొందాడు. 1794లో శ్రీశైలాన్ని సందర్శించి, అక్కడి ఆలయాన్ని వర్ణిస్తూ రాసిన వ్యాసం 1798లో ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో వెలువడింది. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్నాడు. ఆ యుద్ధం ముగిశాక మైసూరు రాజ్యపు సర్వే బాధ్యత ఆయనకు దక్కింది.

ఈ దేశభాషలు మెకంజీకి రావు. శాసనం కనిపించినా చదవలేడు. కరణం చెప్పినా గ్రహించలేడు. ఆ కొరత తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య బహుభాషావేత్త. గ్రామాలకు వెళ్లి పండితులతోను, కరణాలతోను మాట్లాడి విషయాలు రాబట్టడంలో ఆయన నేర్పరి. 1803లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే బొర్రయ్య మరణించాడు. ఆయన చేపట్టిన పనిని తమ్ముడు లక్ష్మయ్య కొనసాగించాడు.

1800లో నిజాం నవాబు కడప, బళ్లారి మొదలైన ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. అవే దత్తమండలాలు. కర్నూలు పట్టణం మాత్రం 1839 వరకు నవాబుల ఏలుబడిలోనే ఉంది. దత్తమండలాల సర్వే 1809లో ఆరంభమైంది. సర్వే బృందాలు నేలపై ఒక ఆధారరేఖను కొలిచి, కొండశిఖరాలను కలుపుతూ త్రిభుజాలు కట్టి, దూరాలను లెక్కించేవి. ఆ విధంగా వాగులు, చెరువులు, బాటలు, కోటలు పటంలోకి ఎక్కాయి.

అయితే పటం ఊరు ఎక్కడ ఉందో చెబుతుంది గాని, ఎందుకు ఉందో చెప్పదు. ఆ లోటును పూరించడానికే మెకంజీ కైఫీయతులు సేకరింపజేశాడు. కైఫీయతు అంటే స్థితిగతుల వివరణ. అడవి కొట్టి ఊరు కట్టినవారెవరు, కోట ఎవరు నిర్మించారు, చెరువు ఎవరు తవ్వించారు, దేవాలయానికి ఏ మాన్యాలున్నాయి, ఎల్లలు ఏవి అన్న సంగతులు వాటిలో చేరాయి. కరణాల కవిలెలు, శాసనాలు, వృద్ధుల జ్ఞాపకాలు వాటికి ఆధారాలు. పెన్నానది లోయ అంచున గండికోట, ఆ నది ఒడ్డునే సిద్ధవటం కోట ఎందుకు వెలిశాయో నేలను చూస్తే తెలుస్తుంది. వాటిని ఎవరు, ఎలా నిలుపుకొన్నారో కైఫీయతును చదివితేనే తెలుస్తుంది. వానలు తక్కువైన ఈ సీమలో నీరున్న చోటే ఊరు నిలిచింది. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ సత్యానికి సాక్షి.

ఈ సేకరణ సులభంగా సాగలేదు. కవిలెలు చూపితే మాన్యాలు పోతాయేమో, పన్నులు పెరుగుతాయేమో అని ప్రజలు శంకించారు. ఆ భయం నిరాధారమైనది కాదు. సర్వే చేయించిన కంపెనీకి రాబడి, సైన్యపు రాకపోకలే ముఖ్యం. ఆ శంకను పోగొట్టి, ప్రజల నోట మాట రప్పించే భారం కావలి సోదరుల వంటి సహాయకులపైనే పడింది.

మెకంజీ 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. తన సేకరణను స్వయంగా క్రమపరచాలన్న కోరిక తీరకుండానే 1821లో కలకత్తా సమీపంలో కన్నుమూశాడు. ఆయన భార్య నుండి కంపెనీ ఆ సేకరణను 10,000 పౌన్లకు కొన్నది. 1828లో విల్సన్ పండితుడు ప్రకటించిన పట్టిక ప్రకారం అందులో 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు ఉన్నాయి. మిగిలిన పనిని పూర్తిచేసే అవకాశం తనకివ్వమని లక్ష్మయ్య అర్థించినా, ఆ విన్నపం తిరస్కరణకు గురయింది. ఊరూరా తిరిగి కూడబెట్టిన జ్ఞానాన్ని విడమరచి చెప్పే అర్హత మాత్రం ఆయనకు లేదని నాటి ఆంగ్ల విద్వాంసులు భావించారు. అందువల్ల సేకరణ మెకంజీ పేర నిలిచింది. సేకరించినవారి పేర్లు మరుగున పడ్డాయి.

శిథిలమవుతున్న కైఫీయతులకు తరువాతి కాలంలో సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. కడపలో ఆయన పేర వెలసిన గ్రంథాలయం కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా ప్రచురించింది. ఒకనాడు కరణాలు దాచుకొన్న సంగతులను ఈనాడు ఏ విద్యార్థి అయినా చదువుకోవచ్చు.

నేడు కర్నూలు, కడప నగరాలు పాత ఎల్లలు దాటి విస్తరించాయి. వాటిని ఆకాశం నుండి తీసిన చిత్రాల్లో క్షణంలో చూడగలం. కానీ ఏ చెరువు కాలనీగా మారింది, ఏ బాట బజారయింది, వరద నీరు ఏ వీధిలోకి ఎందుకు వస్తున్నది అన్న ప్రశ్నలకు అక్కడ నివసించేవారే సమాధానం చెప్పాలి. పటాన్ని చేత పట్టుకొని, పెద్దల మాటను చెవిన పెట్టి, చెప్పినవారి పేరును కూడా రాసుకొన్ననాడే ఊరి అధ్యయనం సమగ్రమవుతుంది. మెకంజీ కృషి నుండి మనం నేర్చుకోవలసినదీ, ఆ కాలం విస్మరించినదీ ఇదే.