కుంచెను నమ్ముకొన్న రవివర్మ

లక్ష్మీసరస్వతుల పటాలు గోడను అలంకరించని హిందూ గృహం తెలుగునాట ఒకప్పుడు అరుదు. ఆ రూపాలను తీర్చిన చేయి రాజా రవివర్మదని పలువురెరుగుదురు. ఆ చేయి ఎంతటి శ్రమకు ఓర్చినదో ఎరిగినవారు కొందరే. అందుకే ఆయన జీవితాన్ని విద్యార్థి సోదరుల ముందుంచ సంకల్పించాము.

రవివర్మ 1848 ఏప్రిల్ 29న తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో జన్మించారు. తంజావూరు శైలిలో చిత్రాలు వ్రాసే మేనమామ రాజరాజవర్మయే ఆయనకు తొలి గురువు. 1862లో మేనమామ బాలుని తిరువనంతపురానికి తీసుకొనిపోయి ఆయిల్యం తిరునాళ్ మహారాజు సముఖంలో ప్రవేశపెట్టారు.

అసలు పరీక్ష అక్కడే ఎదురయింది. తైలవర్ణ చిత్రణ మనవారికి అప్పటికింకా కొత్త విద్య. నీటిరంగు త్వరగా ఆరిపోతుంది. తైలవర్ణం నెమ్మదిగా ఆరుతుంది. అందువలన ఒక ఛాయను మరొక ఛాయలో లీనం చేసి మేని నునుపును, పట్టు మెరుపును, నగల తళుకును ఉన్నవి ఉన్నట్లు చూపవచ్చును. ఈ మర్మమెరిగిన ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకర్ దానిని నేర్పడానికి సమ్మతించలేదు. 1868లో వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ తన పనిని చూడనిచ్చారే కాని పాఠం చెప్పలేదు. యువకుడు నిరాశ చెందలేదు. చూచినదానిని మనసున నిలుపుకొని, రంగులు కలిపి, చెడగొట్టి, మరల కలిపి స్వయంకృషితో ఆ విద్యను వశపరచుకొన్నారు. 1873లో మద్రాసు చిత్రప్రదర్శనంలో, కేశాలంకరణ చేసుకొంటున్న నాయర్ స్త్రీ చిత్రానికి ఆయన స్వర్ణపతకం పొందారు.

1880లో ఆయిల్యం తిరునాళ్ పరమపదించారు. తిరువాన్కూరు ఆస్థానంలో పూర్వపు ఆదరణ సన్నగిల్లింది. మరొకరైతే ఏదో ఒక కొలువులో ఒదిగి ఉండేవారు. రవివర్మ ఏ ఒక్క ప్రభువునూ ఆశ్రయించి కూర్చొనక, తమ్ముడు సి. రాజరాజవర్మ తోడుగా దేశసంచారం చేస్తూ, అడిగినవారికి చిత్రాలు వ్రాసి జీవించారు. బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ కోరికపై 14 పౌరాణిక చిత్రాలు రచించారు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనంలో ఆయన చిత్రాలకు పతకాలు లభించాయి.

చిత్రం రాజమందిరానికే పరిమితం కారాదని ఆయన తలచారు. 1894లో బొంబాయిలో శిలాముద్రణాలయం స్థాపించి, జర్మన్ నిపుణుల సహాయంతో వర్ణచిత్రాలను అచ్చువేయించారు. సామాన్యుని గోడకు దేవతామూర్తి దిగివచ్చింది. కాని ప్లేగు వ్యాధి, అప్పుల భారం ఆ సంస్థను క్రుంగదీశాయి. తుదకు దానిని ష్లైషర్ అనే జర్మన్ నిపుణునికి విక్రయించవలసి వచ్చింది. స్వతంత్ర జీవనానికి చెల్లించవలసిన మూల్యం ఇట్టిదే.

మన హైదరాబాదు నగరానికీ ఆయనతో కొంత సంబంధమున్నది. 1902లో ఆ సోదరులిక్కడకు వచ్చి, ప్రసిద్ధ ఛాయాగ్రాహకులు రాజా దీన్ దయాళ్ ఆతిథ్యం స్వీకరించారు. నిజాం ప్రభువు నుండి ఆశించిన పని మాత్రం సిద్ధించలేదు. కీర్తిశిఖరాన ఉన్న కళాకారునికి సైతం నిరీక్షణ తప్పలేదు.

1905లో తమ్ముని మరణం ఆయనకు కుడిభుజం విరిగినట్లయింది. మరుసటి సంవత్సరం అక్టోబరు 2న ఆయన కన్నుమూశారు. అటుపిమ్మట బెంగాలు చిత్రకారులు, ఆనంద కుమారస్వామి వంటి విమర్శకులు ఆయన శైలిని పాశ్చాత్య అనుకరణమని నిరసించారు. ఆ విమర్శలో సత్యం లేకపోలేదు. కాని పరాయి విద్యను స్వయంగా సాధించి, దానితో మన కథలనే చెప్పిన ఘనతను ఆ విమర్శ తుడిచివేయజాలదు. 1979లో భారత ప్రభుత్వం ఆయన చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించింది.

బోధించువారు లేరని, పోషించువారు లేరని వగచే విద్యార్థికి ఈ జీవితం ఒక సమాధానం. తలుపు మూసినచోట కిటికీలోనుండి చూచి నేర్చినవాడు రవివర్మ. ఆ పట్టుదల మన కళాశాల విద్యార్థులకూ అలవడుగాక అని కోరుకొందాము.