హైగెన్సు జంట గడియారములు

క్రిస్టియాన్ హైగెన్సు పేరు వినగానే విద్యార్థులకు కాంతి తరంగ సిద్ధాంతము జ్ఞప్తికి వచ్చును. ఆతడు రోగశయ్యపై నుండి కనుగొనిన మరియొక విషయము పాఠ్యగ్రంథములలో అరుదుగా కానవచ్చును.

1629 ఏప్రిల్ 14వ తేదీన హాలెండు దేశమున హేగు నగరమునందు ఆతడు జన్మించెను. తండ్రి కవి, రాజనీతిజ్ఞుడు. హైగెన్సు 1655లో శనిగ్రహపు ఉపగ్రహమును కనుగొనెను. మరుసటి సంవత్సరము లోలకపు గడియారమును నిర్మించెను. అంతవరకు దినమునకు 15 నిమిషముల వరకు తప్పుచుండిన గడియారములు ఇప్పుడు సుమారు 15 సెకండ్లే తప్పసాగెను.

నడిసముద్రమున రేఖాంశము తెలియుటకు నావికులకు నమ్మదగిన గడియారము కావలెను. ఒకటి ఆగినను రెండవది నడచునట్లు హైగెన్సు వానిని జంటగా సిద్ధపరచెను. 1665 ఫిబ్రవరిలో అస్వస్థుడై ఇంట పరుండియుండగా, ప్రక్క ప్రక్కన వ్రేలాడుచున్న అట్టి రెండు గడియారములపై ఆతని దృష్టి నిలిచెను. ఒక లోలకము కుడికి పోయినపుడు రెండవది ఎడమకు పోవుచుండెను. తాళము తప్పుటయే లేదు. కావలెనని చెదరగొట్టినను అర్ధగంటలో మరల కలిసికొనుచుండెను. దూరముగా తొలగించినచో మాత్రము తేడా వచ్చెను. కారణము గాలియేమోనని మొదట తలచెను. కొలది దినములకే అసలు సంగతి గ్రహించెను: రెండింటిని మోయు దూలము కంటికి కానరానంత స్వల్పముగా కదలుచు, ఒకదాని ఊపును రెండవదానికి అందించుచుండెను.

ఈ వార్త లండను రాయల్ సొసైటీకి చేరగా సభ్యులలో కొందరు, ఇంత స్వల్పమైన కదలికకే లోబడు గడియారము సముద్రముపై ఎట్లు నిలుచునని శంకించిరి. వారి శంక న్యాయమైనదే. ఓడ ఊగిసలాటకు లోలకము తట్టుకొనజాలదు. హైగెన్సు మాత్రము తుదివరకు ఆ యత్నము మానలేదు. 1666లో పారిసు విజ్ఞాన పరిషత్తునకు పోయి, 1681లో స్వదేశమునకు మరలి, 1695 జూలై 8న హేగులోనే కన్నుమూసెను.

నాడు లోపముగా ఎంచబడిన గుణమే మన తలలోని గడియారమునకు ఆధారము. కండ్లనుండి వచ్చు నాడులు కలియు చోటికి కొంచెము పైన, సుమారు 20,000 నాడీకణముల సముదాయము కలదు. నిద్రకు, మెలకువకు వేళలు నిర్ణయించునది అదియే. 1995లో ఎలుక మెదడునుండి తీసిన ఆ కణములను గాజుపాత్రలో పెంచి పరీక్షించిరి. ప్రతి కణమును తనంత తానే సుమారు 24 గంటల ఆవృత్తిని పాటించుచుండెను; కాని దేని వేళ దానిదే! మెదడులో వానిని కలుపు దూలమేమియు లేదు. కొన్ని కణములు వి.ఐ.పి. అను రసాయనమును స్రవించును. అది పొరుగు కణములను చేరి వాని వేళను కొద్దికొద్దిగా సవరించును. ఆ రసాయనము లేకుండ పుట్టిన ఎలుకలను ఎడతెగని చీకటిలో ఉంచి చూచిరి. పెక్కింటికి నిద్రామెలకువల వేళలు చెదరిపోయెను; వాని మెదడులోని కణములు ఒకదానితో ఒకటి తాళము కలుపలేకపోయెను.