పల్లెకు పల్లే ఆసరా : డాక్టర్ అఖ్తర్ హమీద్ ఖాన్ జీవితం

బీదసాదలకు సాయం చేసేవారు మనలో ఎప్పుడూ ఉన్నారు. బావి తవ్వించినవారు, పేదింటి పిల్లకు పెళ్ళి జరిపించినవారు, కరువు కాలంలో గంజి పోయించినవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. వారి పుణ్యం వారిని కాపాడుతుంది. అయితే ఇచ్చే చెయ్యి ఆగిపోయిన నాడు పుచ్చుకునేవాడి గతి ఏమిటి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడంలోనే జీవితమంతా గడిపిన మహనీయుడు డాక్టర్ అఖ్తర్ హమీద్ ఖాన్. ఆయన కథ మన సంఘ సభ్యులు, ముఖ్యంగా మన పిల్లలు తెలుసుకోదగ్గది.

ఖాన్ గారు 1914 జులై 15న ఆగ్రాలో జన్మించారు. మీరట్, ఆగ్రాలలో చదువుకుని 1934లో ఇంగ్లీషు ఎం.ఏ. పూర్తి చేశారు. 1936లో ఐ.సి.ఎస్.లో చేరి, కేంబ్రిడ్జిలో శిక్షణ పొంది, బెంగాల్‌లో ఉద్యోగానికి వచ్చారు. ఆ రోజుల్లో ఐ.సి.ఎస్. అంటే మాటలా! బంగళా, నౌకర్లు, పెద్ద జీతం, ఎటు వెళ్ళినా వంగి సలాం చేసే జనం. ఖాక్సార్ ఉద్యమ నాయకుడు అల్లామా మష్రికీ గారి కుమార్తెతో వివాహం కూడా అయింది. ఇంక కావలసిందేముంది అనుకునే వయస్సు.

అంతలో 1943లో బెంగాల్ క్షామం వచ్చింది. లక్షలాది మంది ఆకలితో, రోగాలతో ప్రాణాలు విడిచారు. పల్లెల్లో పంట పండించే చేతులే పట్నం వీధుల్లో గంజినీళ్ళకు చాచవలసి వచ్చింది. అధికారం చేతిలో ఉండి కూడా ఆ జనాన్ని నిలబెట్టలేని ఉద్యోగం ఖాన్ గారికి బరువైపోయింది. 1945లో రాజీనామా ఇచ్చేశారు.

రాజీనామా ఇచ్చి ఊరికే కూర్చోలేదు. బీదవాడి బతుకు పుస్తకాల్లో దొరకదని, అలీగఢ్ దగ్గర ఒక పల్లెకు వెళ్ళి కూలిపని చేశారు, తాళాలు చేసే పని నేర్చుకున్నారు. నిన్నటి దొరగారు నేడు ఆకురాయి పట్టి కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు. ఆ కష్టంతో బీదవాడి శ్రమ ఏమిటో ఆయనకు తెలిసింది. దానితోపాటు ఇంకో సంగతి కూడా తెలిసింది. ఒక మనిషి తాను బీదవాడైపోయినంత మాత్రాన పక్కవాడి బీదరికం తీరదు.

1947లో ఢిల్లీ జామియా మిల్లియాలో ఉపాధ్యాయుడుగా చేరారు. మన హైదరాబాదులో పుట్టి తరవాత భారత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ గారు అప్పుడు దానికి పెద్ద దిక్కు. 1950లో ఖాన్ గారు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కొమిల్లా పట్నానికి, విక్టోరియా కాలేజీ ప్రిన్సిపాలుగా వెళ్ళారు. మధ్యలో 1954లో కొంతకాలం ప్రభుత్వ గ్రామాభివృద్ధి పథకాన్ని కూడా నడిపి చూశారు. పైనుంచి వచ్చిన ఉద్యోగి సలహా చెప్పి వెళ్ళిపోతే, ఆ సలహా అతని వెనకే వెళ్ళిపోతుందని అక్కడ గ్రహించారు.

1959లో కొమిల్లాలో గ్రామాభివృద్ధి అకాడమీ పెట్టినప్పుడు దానికి ఆయనే డైరెక్టర్ అయ్యారు. అధికారులకు శిక్షణ ఇవ్వడం దాని పని. అయితే ఆయన ముందు అధికారులనే పల్లెలకు తీసుకుపోయి రైతులు చెప్పేది వినమన్నారు. చుట్టూ ఉన్న కొత్వాలీ థానా, అంటే మన మండలం లాంటిది, ఆయనకు బడి అయింది. అక్కడ సగటు కమతం రెండెకరాల లోపే. ఒక కాలంలో వరద ముంచుతుంది, ఇంకో కాలంలో చుక్క నీరుండదు. అవసరానికి షావుకారే దిక్కు.

ఖాన్ గారు పెట్టిన పద్ధతి వినడానికి చాలా సులువు. ఊరివాళ్ళే కలిసి సంఘం పెట్టుకోవాలి. వారానికోసారి అందరూ కూర్చోవాలి. ఎంత బీదవాడైనా వారం వారం ఎంతోకొంత పొదుపు వెయ్యాలి. తమలో నమ్మకమైన ఒకరిని ఎన్నుకుని ప్రతివారం అకాడమీకి పంపాలి. అతను అక్కడ నేర్చుకున్నది వచ్చి ఊరివాళ్ళకు చెప్పాలి. ఊరి సంఘాలన్నిటికీ కలిపి 1962లో థానా స్థాయిలో ఒక సమాఖ్య ఏర్పడింది. చిన్నరైతు ఒక్కడూ కొనలేని గొట్టపు బావి, యంత్రం, మంచి విత్తనం ఆ సమాఖ్య ద్వారా ఊరికి వచ్చాయి. నీళ్ళు లేక బీడుపడే కాలంలో కూడా వరి పండింది.

అంతటితో ఆగలేదు. మస్జిద్ ఇమాంలనే అక్షరాలు నేర్పే ఉపాధ్యాయులుగా తయారుచేశారు. ఊరు నమ్మే మనిషి చెబితే ఊరు వింటుంది కదా! పర్దాలో ఉండే ఆడవాళ్ళు కూడా అకాడమీకి వచ్చి చదువు, కుట్టుపని, పసిపిల్లల పెంపకం నేర్చుకుని వెళ్ళి తోటివారికి నేర్పారు. 1963లో ఆయనకు మెగసెసే అవార్డు లభించింది.

అయితే అంతా సవ్యంగా జరిగిందని చెప్పడం న్యాయం కాదు. ఈ పద్ధతిని ప్రభుత్వం త్వరత్వరగా దేశమంతా పెట్టబోయేసరికి వారపు సమావేశాలు సడలాయి, పొదుపు తగ్గింది, కొన్నిచోట్ల భూమి గల పెద్దలే సంఘాలను చేజిక్కించుకున్నారు. ఈ లోపాలను ఖాన్ గారు స్వయంగా తిరిగి చూసి నిర్మొహమాటంగా రాశారు. 1971 యుద్ధంతో ఆయన కొమిల్లా విడిచి పాకిస్తాన్ చేరవలసి వచ్చింది.

1980లో, 66వ ఏట, కరాచీ శివారులోని ఒరంగీ అనే బీదల బస్తీలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. గల్లీకి ఇరవై ముప్పై ఇళ్ళవాళ్ళు కలిసి తమలో పెద్దను ఎన్నుకుని, డబ్బు పోగుచేసుకుని తమ మురుగు కాలవ తామే వేసుకున్నారు. ఖాన్ గారి సంస్థ ఇచ్చింది నక్షా, పనిముట్లు, సలహా మాత్రమే. 1999 అక్టోబరు 9న అమెరికాలో మరణించారు. ఆయనను తీసుకువచ్చి ఒరంగీలోనే ఖననం చేశారు.

ఈ కథకు మన గడ్డతో కూడా సంబంధం ఉంది. ఖాన్ గారి శిష్యుడు షోయబ్ సుల్తాన్ ఖాన్ 1982 నుంచి గిల్గిత్ కొండ పల్లెల్లో ఇదే పని చేశారు. ఆయన మార్గదర్శకత్వంలోనే 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి పథకం ఒకటి కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలకు వచ్చింది. ఓర్వకల్లు వంటి చోట్ల మహిళలు పొదుపు సంఘాలుగా, గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యగా కూడారు. ఆ అనుభవం మీదనే 2000లో వెలుగు పథకం మొదలైంది. కొమిల్లాలో ఊరి సంఘం, దానిపై థానా సమాఖ్య. ఇక్కడ గ్రామ సంఘం, దానిపై మండల సమాఖ్య. వరస అదే.

మన సంఘాలు పల్లెల్లోని మనవారికి బట్టలు, పుస్తకాలు, ఫీజులు ఇస్తున్నాయి. ఇవ్వాలి కూడా. కానీ ఇచ్చి తిరిగి వచ్చేముందు ఆ ఊళ్ళో పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి, వారిలో ఒకరిని వారిచేతే ఎన్నిక చేయించి, వచ్చేవారం మళ్ళీ కూడే రోజు ఖాయం చేయించి వద్దాం. మనం వెళ్ళలేని వారం కూడా ఆ పదిమంది కూడారంటే మన సాయం ఆ ఊళ్ళో నిలబడినట్టే.